కన్సల్టెన్సీలో రిక్రూటర్ ఉద్యోగం మానేసి హెచ్ఆర్‌లో పీజీ చేయవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీకాం అయ్యాక రెండేళ్లుగా అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేస్తున్నారు. వయసు 24, జీతం 19 వేలు. ఇంట్లోవాళ్లేమో "ఎలాగూ హెచ్ఆర్‌లోనే ఉన్నావు కదా, దూరవిద్యలో ఎంబీఏకి కట్టేయ్" అంటున్నారు. మీకేమో రెండేళ్లు కాలేజీకి వెళ్లి చదవాలని ఉంది. ఈలోగా ఏఐ వస్తే హెచ్ఆర్ ఉద్యోగాలే ఉండవని ఎవరో భయపెట్టారు. ఇదే కదా?

నా జవాబు: చేయండి, రెగ్యులర్‌గానే చేయండి. కానీ కాలేజీల లిస్టు ముందేసుకుని కూర్చునే ముందు, చదువయ్యాక ఏ గేటు లోంచి లోపలికి వెళ్లాలనుకుంటున్నారో తేల్చుకోండి. ఫ్యాక్టరీ గేటు ఒకటి, గచ్చిబౌలి ఐటీ కంపెనీ అద్దాల తలుపు ఇంకొకటి. రెండింటి మీదా హెచ్ఆర్ అనే రాసి ఉంటుంది. లోపల చేసే పని వేరు, దానికి పనికొచ్చే డిగ్రీ కూడా కొంత వేరు.

నా గురించి రెండు ముక్కలు. ఆంధ్రా యూనివర్సిటీలో 2006లో ఎంహెచ్ఆర్ఎం (మాస్టర్ ఆఫ్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్) పూర్తిచేశాను. పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో (హాజరు, జీతాల రికార్డులు చూసే చోటు) మొదలుపెట్టి, మధ్యలో ఆరేళ్లు ఐటీ కంపెనీలో చేసి, మళ్లీ తయారీ రంగానికే వచ్చేశాను. కాబట్టి రెండు తలుపులూ చూశాను. ఫ్యాక్టరీ వైపు కాస్త మొగ్గు ఉంటుంది, అది లెక్కలో పెట్టుకుని చదవండి.

మొదట ఒక మాట, నొచ్చుకోకండి. మీరు ఇప్పుడు చేస్తున్నది హెచ్ఆర్‌లో ఒక గది మాత్రమే. కన్సల్టెన్సీ అంటే ఆ గదికి కూడా కిటికీ బయట నిలబడి మనిషిని లోపలికి అందించడం. అతను జాయినయ్యాక జరిగేదంతా, అంటే జీతం, సెలవులు, పీఎఫ్, ప్రమోషన్, గొడవ, చార్జ్‌షీట్, రాజీనామా, సెటిల్‌మెంట్, మీకు కనబడదు. రెండేళ్ల అనుభవం ఉండి కూడా కంపెనీల హెచ్ఆర్ ఇంటర్వ్యూల్లో మీరు ఆగిపోతున్నది అక్కడేనని నా అనుమానం. "నాకు మనుషులతో మాట్లాడటం ఇష్టం, అందుకే హెచ్ఆర్" అని మీరు రాసిన వాక్యం ప్రతి ఫ్రెషర్ నోటా వింటాను. మనుషులతో మాట్లాడటం బస్ కండక్టర్‌కీ ఉంటుంది. మా పనిలో సగం రోజు లెక్కలు, రికార్డులు, చట్టం. మాట్లాడటం వాటి తర్వాత వస్తుంది.

నేను ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు మాస్లో అవసరాల మెట్ల సిద్ధాంతం గురించి అడగను. టేబుల్ మీద ఒక పేస్లిప్ పెడతాను. బేసిక్ 18 వేలు అనుకోండి. పీఎఫ్ ఎంత కోయాలి? మొత్తం బేసిక్ మీద అయితే 12 శాతం, 2,160. చట్టప్రకారం ఉన్న 15 వేల పరిమితి మీదే కంపెనీ కడుతుంటే 1,800. ఈ రెండు జవాబులూ ఎందుకు ఉన్నాయో చెప్పగలిగితే చాలు, నాకు ఆ పిల్ల మీద ఆసక్తి పుడుతుంది. కంపెనీ వాటాలోంచి పెన్షన్ పథకానికి 1,250 పోతుందని కూడా చెబితే టీ తెప్పిస్తాను. తర్వాత గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం: చివరి జీతం 20,800, సర్వీసు పదేళ్లు. నెలకు 26 పనిదినాల లెక్కన భాగిస్తే రోజుకు 800, ఏడాదికి 15 రోజుల చొప్పున పదేళ్లకు 1,20,000. ఎనిమిదో తరగతి లెక్క ఇది. పీజీ చేసి వచ్చినవాళ్లలో చాలామంది "సర్, అది సాఫ్ట్‌వేర్ చేస్తుంది కదా" అంటారు (ఆడదాన్నైనా నన్ను సర్ అంటారు, అది వేరే కథ). చేస్తుంది. తప్పు ఫీడ్ చేస్తే తప్పే చేస్తుంది.

ఇప్పుడు డిగ్రీల సంగతి. మన దగ్గర హెచ్ఆర్ పీజీ అనగానే ఎంబీఏ ఒక్కటే గుర్తొస్తుంది. నిజానికి మూడు దారులున్నాయి.

ఎంబీఏలో మొదటి ఏడాది అందరికీ ఒకటే: అకౌంట్స్, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్. హెచ్ఆర్ రెండో ఏడాది ఎలక్టివ్‌గా నాలుగైదు పేపర్లు వస్తుంది. లాభమేమిటంటే బిజినెస్ మొత్తం అర్థమవుతుంది, ఐటీ కంపెనీలూ బ్యాంకులూ ఈ పేరునే గుర్తుపడతాయి. నష్టమేమిటంటే కార్మిక చట్టాలు ఒక్క పేపర్‌తో సరి. ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసి వెళ్లే చిన్న కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంది. బ్రోచర్‌లో హెచ్ఆర్ స్పెషలైజేషన్ ఉంటుంది, రెండో ఏడాదికి వెళ్లేసరికి "మీరు నలుగురే ఉన్నారు, ఫైనాన్స్ తీసుకోండి" అంటారు. చేరే ముందు కాలేజీ ఆఫీసులో కాకుండా, బయట టీ కొట్టు దగ్గర సీనియర్లను అడగండి.

ఎంహెచ్ఆర్ఎం వేరు. ఆంధ్రా యూనివర్సిటీలో, వరంగల్ కాకతీయలో ఈ పేరుతో కోర్సు ఉంది. రెండేళ్లూ ఇదే సబ్జెక్టు: పారిశ్రామిక సంబంధాలు, కార్మిక చట్టాలు, వేతనాల నిర్వహణ, శిక్షణ, యూనియన్లు. ఫీజు ప్రైవేటు ఎంబీఏతో పోలిస్తే తక్కువ. ఫ్యాక్టరీ, ప్రభుత్వ రంగ సంస్థలు మీ లక్ష్యమైతే నా ఓటు దీనికే. ఐటీలో మాత్రం ఇంటర్వ్యూ చేసే కుర్రాడికి ఈ డిగ్రీ ఏమిటో ఒకసారి వివరించాల్సి వస్తుంది. నేను చాలాసార్లు వివరించాను.

మూడోది ఎంఎస్‌డబ్ల్యూ, సోషల్ వర్క్. హెచ్ఆర్‌కీ దానికీ సంబంధమేమిటని అనుకోకండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 500 మంది, ఆపైన కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 250కి దిగింది. ఆ పోస్టులోకి సోషల్ వర్క్ చదివినవాళ్లు మొదటినుంచీ వస్తున్నారు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో సోషల్ వర్క్ స్కూలుగానే మొదలైంది. ఇవాళ దేశంలో హెచ్ఆర్ అనగానే చెప్పే రెండు పేర్లలో అదొకటి, రెండోది జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ. అక్కడ సీటు వస్తే ఈ జవాబు మొత్తం పక్కన పెట్టి వెళ్లిపోండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి ఎక్స్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజు మాత్రం లోన్ లేకుండా మనలాంటి ఇళ్లకు అయ్యేది కాదు.

మన రాష్ట్రాల్లో ఎంబీఏకి ఐసెట్. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అందులో లెక్కలు, అనలిటికల్, కమ్యూనికేషన్ అని మూడు భాగాలు. బీకాం వాళ్లకు నాలుగు నెలల గట్టి తయారీ సరిపోతుంది. అయితే క్వాలిఫై అవడం గొప్ప కాదు, చాలామంది అవుతారు. మంచి ర్యాంకు వచ్చి యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో సీటు వస్తేనే ఉద్యోగం మానేసిన దానికి అర్థం. యూనివర్సిటీల ఇతర పీజీ కోర్సులకు ఆంధ్రలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చాక మీ కోర్సు దేని కింద ఇచ్చారో చూసి కట్టండి.

దూరవిద్య ఎందుకు వద్దన్నానో చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లోవాళ్లు చెప్పేదాంట్లో తప్పు లేదు. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమేనని 2022లో యూజీసీయే చెప్పింది. ఇగ్నో ఎంబీఏ చేసి ప్రైవేటులో మేనేజర్లైన వాళ్లు నాకు తెలుసు. అప్పటికే కంపెనీ లోపల హెచ్ఆర్‌లో ఏడెనిమిదేళ్లు చేసి, ప్రమోషన్‌కు కాగితం తక్కువైన మనిషికి దూరవిద్య చక్కగా సరిపోతుంది. నాతో పనిచేసిన ఒకాయన అలాగే చేసి మంచి స్థాయికి వెళ్లారు. తర్వాత ప్రభుత్వ రంగ సంస్థ నోటిఫికేషన్ ఒకటి చూసి ఎంతో ఆశపడ్డారు. అందులో "రెండేళ్ల ఫుల్‌టైమ్" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. ప్రభుత్వ రంగ సంస్థల (పీఎస్‌యూల) హెచ్ఆర్ పోస్టులకు ఆ షరతు సాధారణంగా ఉంటుంది. మీకు 24 ఏళ్లే. ఆ తలుపు ఇప్పుడే మూసుకోవద్దు. ఇంకొకటి, మీకు కావలసింది కాగితం ఒక్కటే కాదు, కన్సల్టెన్సీ కిటికీ దగ్గర్నుంచి బయటపడటం. దూరవిద్యలో మీరు అదే కుర్చీలో, అదే ఫోన్ కాల్స్‌లో ఉంటారు.

పీఎస్‌యూ మాట వచ్చింది కాబట్టి: పవర్‌గ్రిడ్ లాంటివి హెచ్ఆర్ ట్రైనీలను లెక్చరర్ల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ స్కోరుతో తీసుకున్నాయి. నెట్‌లో మన సబ్జెక్టు కోడ్ 55, పేరు చాంతాడంత ఉంటుంది, లేబర్ వెల్ఫేర్ నుంచి హెచ్ఆర్ఎం దాకా అన్నీ అందులోనే. పీజీ రెండో ఏడాది నుంచే రాయవచ్చు. లెక్చరర్ అవ్వాలని లేకపోయినా రాయండి. పీఎఫ్ నడిపే ఈపీఎఫ్‌వోలో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, అసిస్టెంట్ కమిషనర్ పోస్టులకు యూపీఎస్‌సీ పెట్టే పరీక్షకు డిగ్రీ చాలు, కానీ సిలబస్‌లో పారిశ్రామిక సంబంధాలు, కార్మిక చట్టాలు ఉంటాయి. ఒక చదువు రెండు చోట్ల పనికొస్తుంది.

ఇక చదివేటప్పుడు దేని మీద పడాలి అన్నది. నిర్మొహమాటంగా చెబుతున్నాను, కార్మిక చట్టాలు, ఎక్సెల్, ప్రాజెక్టు. మిగతావి పరీక్షకు ముందు చదివినా నడుస్తుంది.

చట్టాల్లో మీరు మంచి సమయంలో వస్తున్నారు. 29 కేంద్ర కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పాతవి కంఠతా పట్టిన నాలాంటివాళ్లం కూడా మళ్లీ పుస్తకం తెరిచాం. అంటే ఈ ఒక్క విషయంలో మీకూ నాకూ దూరం తగ్గింది. ఒక ఉదాహరణ చూడండి. ఒక ఉద్యోగి నెల జీతం 40 వేలు. కంపెనీ తెలివిగా బేసిక్ 14 వేలు చూపించి, మిగతా 26 వేలు హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ అంటూ అలవెన్సులుగా పెట్టింది. కొత్త నిర్వచనం ప్రకారం అలవెన్సులు సగం దాటితే, దాటిన మొత్తాన్ని తెచ్చి వేతనంలో కలపాలి. సగం అంటే 20 వేలు, దాటింది 6 వేలు, కాబట్టి వేతనం 20 వేలు. గ్రాట్యుటీ ఇక 14 వేల మీద కాదు, 20 వేల మీద. పీఎఫ్ 15 వేల పరిమితి మీద కట్టే కంపెనీలో కోత 1,680 నుంచి 1,800 అవుతుంది. ఈ లెక్క ఇప్పుడు ప్రతి కంపెనీలో ఎవరో ఒకరు కూర్చుని వేస్తున్నారు. ఆ ఎవరో ఒకరు మీరు కావచ్చు. అలాగని పాత చట్టాలను వదిలేయకండి. కోర్టు తీర్పులన్నీ వాటి మీదే ఉన్నాయి, కోడ్‌లో చాలా మాటలు అక్కడినుంచే వచ్చాయి. మీ కాలేజీలో ఇంకా పాత గైడే చెబుతుంటే, పాత సెక్షన్ పక్కన కొత్తది రాసుకుంటూ మీరే ఒక నోట్సు తయారుచేసుకోండి.

పారిశ్రామిక సంబంధాల పేపర్‌లో "గిరి అప్రోచ్" అని ఒక ప్రశ్న వస్తుంది. పిల్లలు అదేదో విదేశీ సిద్ధాంతమనుకుని బట్టీ పడతారు. ఆయన మన వి.వి. గిరి. రైల్వే కార్మిక సంఘాల్లో పనిచేసి కేంద్ర కార్మిక మంత్రి అయి, తర్వాత రాష్ట్రపతి అయినాయన. తగాదా వస్తే కోర్టుకీ ట్రైబ్యునల్‌కీ పరిగెత్తడం కాకుండా యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదన. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును (దాన్నే అవార్డు అంటారు) ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవి వదిలేశారు. ఆయన వాదన నాకు పరీక్షలో పది మార్కులు తెచ్చింది, ఉద్యోగంలో మాత్రం ఒక వేతన ఒప్పందం అప్పుడు అర్థమైంది. పదకొండు నెలలు కూర్చున్నాం. తొమ్మిదో నెలలో మా పెద్దాయన విసిగిపోయి లేబర్ కమిషనర్ దగ్గరికే పోదామన్నారు. యూనియన్ నాయకుడే "ఇంకో రెండు మీటింగులు చూద్దాం మేడమ్" అన్నాడు. చూశాం, ఏడు మీటింగులు పట్టింది.

ప్రాజెక్టు దగ్గరికి వస్తే, దయచేసి "ఉద్యోగ సంతృప్తిపై అధ్యయనం" అని వంద మందికి ప్రశ్నాపత్రం పంచి గుండ్రటి పై చార్టులు గీయకండి. ఆ ప్రాజెక్టులు స్పైరల్ బైండింగ్ షాపులోనే దొరుకుతాయని అందరికీ తెలుసు. జీడిమెట్ల, పాశమైలారం, అచ్యుతాపురం, శ్రీసిటీ, మీకు ఏది దగ్గరైతే అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఎనిమిది వారాలు కూర్చునే ఏర్పాటు చేసుకోండి. గైర్హాజరీ ఎందుకు పెరుగుతోంది, కాంట్రాక్ట్ కార్మికుల హాజరు ఎలా రాస్తున్నారు, ఇలాంటి ఒక చిన్న ప్రశ్న చాలు. ఒక ఏడాది మస్టర్ (హాజరు పట్టీ) ఎక్సెల్‌లో వేసి చూస్తే వరినాట్ల నెలలో ఎవరు రారో, జీతం పడ్డ మర్నాడు ఏ షిఫ్టు ఖాళీ అవుతుందో కనబడుతుంది. నేను ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.

నేను టైమ్ ఆఫీసు విలువ తెలుసుకున్నది తప్పు చేసి. చేరిన మొదటి ఏడాది, ప్యాకింగ్ మెషీన్‌లో ఒక కాంట్రాక్ట్ కుర్రాడి వేళ్లు నలిగాయి. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఆసుపత్రికి తీసుకెళ్తే అతని పేరు మీద నంబరు లేదన్నారు. ఆరు నెలలుగా అతని జీతంలో ఈఎస్ఐ కోత ఉంది, కాంట్రాక్టరు కట్టలేదు. నేను ప్రతి నెలా ఆ బిల్లు మీద సంతకం పెడుతూనే ఉన్నాను. కాంట్రాక్టరు ఎగ్గొట్టినా ప్రధాన యజమానిదే, అంటే కంపెనీదే బాధ్యత అని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే అది. ఖర్చంతా కంపెనీ పెట్టుకుంది, నాకు మెమో వచ్చింది. వేలు ఒకటి పోయింది. అప్పటినుంచి చలానా, దాని వెనక పేర్ల జాబితా, రెండూ హాజరు పట్టీతో సరిచూడనిదే సంతకం పెట్టను.

"హెచ్ఆర్ ఆడపిల్లలకు సేఫ్, టెన్షన్ ఉండదు" అని మీ అత్తయ్య అన్నారని రాశారు. నేనూ ఆడదాన్నే, టెన్షన్ సంగతి నన్నడగండి. ఐటీలో ఉండగా ఒక శుక్రవారం నలభై మందిని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి ఉద్యోగం లేదని చెప్పాల్సి వచ్చింది. అందులో ఒకమ్మాయి పెళ్లి శుభలేఖ ముందు రోజే నాకు ఇచ్చింది. నిర్ణయం నాది కాదు, మాట నాది. ఆ రోజు తర్వాత కొన్ని వారాలు క్యాంటీన్‌లో నా టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోలేదు. యాజమాన్యం మనిషివని ఉద్యోగులు, ఉద్యోగుల పక్షమని యాజమాన్యం, ఇద్దరూ అనుమానించే కుర్చీ ఇది. అది మోయగలనా అని కోర్సులో చేరేముందే ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి. మరోపక్క ఆడవాళ్ల అవసరం నిజంగా ఉన్న పనులూ ఉన్నాయి. 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళే అయి ఉండాలి. నైట్ షిఫ్టుల్లో వందల మంది అమ్మాయిలు పనిచేసే చోట హాస్టల్, బస్సు, మరుగుదొడ్డి గురించి వాళ్లు నోరు విప్పేది మనలాంటివాళ్ల దగ్గరే.

ఏఐ భయం: ఉత్త భయం కాదు, మీ సీటుకే ముందు తగులుతుంది. రెజ్యూమెలు జల్లెడ పట్టడం, మొదటి ఫోన్ కాల్, ఇంటర్వ్యూ టైము కుదర్చడం, ఇవన్నీ ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేస్తోంది. డార్విన్‌బాక్స్, కేకా లాంటి హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు మన హైదరాబాద్‌వే. ఒకదాన్ని బాగా నేర్చుకుంటే అదే మీకు ఉద్యోగం తెస్తుంది. గేటు దగ్గర ధర్నా జరుగుతుంటే వెళ్లి మాట్లాడే పనికి మాత్రం ఇంకా మనిషినే పంపుతున్నారు.

డబ్బు విషయం చిన్నగా. రెండేళ్లు మానేస్తే మీకు పోయేది ఫీజుతో పాటు దాదాపు నాలుగున్నర లక్షల జీతం. చదివి వచ్చాక మొదటి జీతం ఇప్పటికంటే అంత గొప్పగా ఏమీ ఉండదు, పాతిక వేల దగ్గర మొదలైనవాళ్లను మా దగ్గరే చూస్తున్నాను. తేడా తర్వాత ఐదేళ్లలో కనబడుతుంది. కాబట్టి ఊరూపేరూ లేని ప్రైవేటు కాలేజీకి మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి మాత్రం వెళ్లవద్దు. అలాంటి సీటే వస్తే ఈ ఏడాది ఆగండి. మీ కన్సల్టెన్సీలోనే స్టాఫ్ జీతాలు, పీఎఫ్ చూసే వాళ్లు ఉంటారు, ఆ పనిలోకి మార్చమని అడగండి. ఇవ్వకపోతే జీతం రెండు వేలు తగ్గినా సరే పేరోల్ చేసే ఇంకో చిన్న సంస్థకు మారి, మళ్లీ ఏడు ఐసెట్ రాయండి.

మీ డిగ్రీ మార్కుల శాతం, మీ జీతం మీద ఇల్లు ఎంతవరకు ఆధారపడి ఉందో రాయలేదు. ఆ రెండూ కింద రాస్తే ఎంహెచ్ఆర్ఎం, ఎంబీఏల్లో మీకు ఏది సరిపోతుందో చెబుతాను. ఆదివారం సాయంత్రం తీరిగ్గా చూస్తాను.